పాటలకు శవపంచనామా

మాంచెస్టర్ రాక్ బృందం జాయ్ డివిజన్ రెండో ఆల్బమ్ 'క్లోజర్' పేరెత్తితే చాలు, విన్నవాళ్లూ విననివాళ్లూ ఒకటే మాట అందుకుంటారు: అది గాయకుడు ఇయాన్ కర్టిస్ చావుకు ముందు రాసిపెట్టి పోయిన ఉత్తరమట. 1980 మే 18న, ఇరవై మూడేళ్ల వయసులో, అతను తన ప్రాణం తానే తీసుకున్నాడు. సరిగ్గా రెండు నెలలకు, జూలై 18న, ఆల్బమ్ అంగళ్లలోకి వచ్చింది. అట్ట మీద సమాధి బొమ్మ. లోపల ఒంటరితనం, అపరాధభావం, అలసట నిండిన తొమ్మిది పాటలు. ఇంక చెప్పేదేముంది, అంతా ముందే రాసి ఉంది, చుట్టూ ఉన్నవాళ్లకే చదవడం చేతకాలేదు అంటారు. నలభై అయిదేళ్లుగా ఇంగ్లండు పత్రికలు, జీవిత చరిత్రలు, సినిమాలు ఈ డప్పే కొడుతున్నాయి. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ రాక్ సంగీతం వినే మన పిల్లలు దాన్నే అందుకున్నారు.

ఈ మాట తేదీల ముందు నిలవదు. పాటల ముందు అసలే నిలవదు. పైగా దీని వల్ల ఒక జబ్బు మనిషి చావు మీద కవితాత్మకమైన ముసుగు పడింది. దాన్ని తీసి చూపించడమే ఇక్కడ నా పని.

మంగంపేటలో ముగ్గురాయి టిప్పర్ల దుమ్ములో బతికేవానికి మాంచెస్టర్ పాటల తగవు ఎందుకని ఎవరైనా అడగొచ్చు. మా ఊరాయన ఒకరు అడగనే అడిగినాడు: "ఏందప్పా, సచ్చేవాని పాటలు ఇంటాండావు, మనకేం తక్కువైందని?" ఆయన ఆ ఆల్బమ్ ఒక్క నిమిషం కూడా విన్నవాడు కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు చెప్పి ఉంటాడు. అంటే ఆ అభిప్రాయం పాట కన్నా ముందు ఓబులవారిపల్లె మండలం చేరిందన్నమాట. నాకు ఒళ్లు మండింది అక్కడే. పాతకాలపు 78 ఆర్‌పీఎం ప్లేట్లు తయారుచేసేటప్పుడు లక్క, నూలు పీచు, మసితో పాటు ముగ్గురాయి (బరైటీస్) పొడి కూడా కలిపేవారు కాబట్టి, మా రాయికీ పాటకూ దూరపు చుట్టరికం ఉంది. క్లోజర్ వచ్చేనాటికి ప్లేట్లన్నీ వినైల్ అయిపోయాయి గనుక ఆ చుట్టరికం చూపించి తగవులో దూరను. నా హక్కు వేరే ఉంది, దాని సంగతి తర్వాత.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1976 జూన్‌లో మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ అనే బృందం కచేరీ చేసింది. వాయించడం రాకపోయినా పాడొచ్చు, కోపం ఉంటే చాలు అని అక్కడ చూసినవాళ్లకు తోచింది. బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ ఆ గుంపులో ఉన్నారు. వాళ్లకు మాకిల్స్‌ఫీల్డ్ నుంచి ఇయాన్ కర్టిస్, తర్వాత డ్రమ్ముల మీద స్టీఫెన్ మోరిస్ తోడయ్యారు. అదే జాయ్ డివిజన్. పంక్ అనే ఆ అరుపు రెండేళ్లలో పలచబడింది. దాని తర్వాత వచ్చిన బృందాలు అదే కోపాన్ని నెమ్మదిగా, ఎడం ఇచ్చి, చదువుకున్న పుస్తకాలు కలిపి వాయించాయి. దాన్నే పోస్ట్ పంక్ అన్నారు. 1979 జూన్‌లో టోనీ విల్సన్ నడిపే ఫ్యాక్టరీ రికార్డ్స్ మీద వాళ్ల మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' వచ్చింది. రెండోది క్లోజర్. మూడోది లేదు.

ఇప్పుడు తేదీలు. క్లోజర్‌ను లండన్‌లో, పింక్ ఫ్లాయిడ్ వాళ్ల బ్రిటానియా రో స్టూడియోలో, 1980 మార్చి 18 నుంచి 30 దాకా రికార్డు చేశారు. కర్టిస్ ఆత్మహత్యకు మొదటిసారి ప్రయత్నించింది ఏప్రిల్‌లో. అంటే రికార్డింగ్ అయిపోయాక. ఇది చెప్తే అవతలివాళ్లు తగ్గరు, "మార్చికే మనసు నిండా ఉండి ఉంటుంది" అంటారు. సరే, మార్చి దాకా ఎందుకు? ఇందులో 'కాలనీ', 'ట్వంటీ ఫోర్ అవర్స్' 1979 నవంబరు 26న బీబీసీలో జాన్ పీల్ కార్యక్రమం కోసం అప్పటికే వాయించినవి. 'ట్వంటీ ఫోర్ అవర్స్', 'ఎ మీన్స్ టు యాన్ ఎండ్' రెండూ 1979 డిసెంబరు 18న పారిస్ కచేరీలో ఉన్నాయి, ఆ టేపు ఇప్పటికీ దొరుకుతుంది, ఎవరైనా వినొచ్చు. 'అట్రాసిటీ ఎగ్జిబిషన్' కూడా 1979 శరత్కాలం నుంచే వేదికలెక్కిన పాట. మొదటి ఆల్బమ్ కొత్తగా అమ్ముడవుతూ, బృందం ఊరూరా తిరుగుతూ, జనం పెరుగుతూ ఉన్న కాలం అది. ఆ రోజుల్లో నలుగురు కుర్రాళ్లు రిహార్సల్ గదిలో కూర్చుని, తాళం ఎక్కడ తెగాలి, గిటార్ ఎక్కడ ఆగాలి అని తగవులాడుకుంటూ కట్టిన పాటలను, ఆరు నెలల తర్వాత జరిగినదానికి ముందస్తు సాక్ష్యంగా కోర్టులో పెడుతున్నారు. ఏ మున్సిఫ్ మేజిస్ట్రేటయినా ఇట్లాంటి సాక్ష్యాన్ని బయటికి విసిరేస్తాడు.

అట్ట మీద బొమ్మ సంగతి ఇంకా విచిత్రం. అది ఇటలీలో జెనోవా నగరపు స్తాల్యెనో శ్మశానంలో అప్పియానీ కుటుంబ సమాధి. 1910 ప్రాంతంలో చెక్కిన శిల్పం. 1978లో బెర్నార్ పియేర్ వోల్ఫ్ తీసిన ఫొటో. ఫ్యాక్టరీ అట్టలు గీసే పీటర్ సావిల్‌కు ఆ రోజుల్లో పాత రాతి చెక్కడాల మీద, గుళ్ల మీద ఉండే అక్షరాల మీద పిచ్చి. ఆ ఫొటోలు చూపిస్తే బృందమే ఇది బాగుందని ఎంచుకుంది. అప్పటికి కర్టిస్ బతికే ఉన్నాడు. అతను పోయిన కబురు తెలిసి ముందుగా బెదిరినవాడు సావిల్: అట్ట మీద సమాధి ఉందే, జనం ఏమనుకుంటారు అని. అతను భయపడినంతా జరిగింది. అదే శ్మశానంలో తీసిన ఇంకో ఫొటో వాళ్లదే 'లవ్ విల్ టేర్ అజ్ అపార్ట్' పన్నెండు అంగుళాల ప్లేటు మీదా ఉంది. ఆ పాటను పెళ్లి తగవు పాటగానే అందరూ పాడుకుంటారు గానీ, దాని అట్టను చావు సూచన అని ఎవరూ అనరు. అంటే సమాధి బొమ్మ కాదు వీళ్లకు ముఖ్యం. తమ దగ్గర ముందే ఉన్న కథకు అది పనికొస్తే తీసుకున్నారు, పనికిరాకపోతే పక్కన పెట్టారు.

అసలు పట్టు పాటల్లో ఉన్న "నేను" దగ్గరుంది. కర్టిస్ "నేను" అని పాడాడు కాబట్టి అది అతనే అని వాదన. ఈ మాట తెలుగువాడు, అందులో రాజంపేట వైపువాడు అనకూడదు. మా ఊరి నుంచి రాజంపేట దారి పడితే, ఇంకాస్త ముందుకు పోతే తాళ్లపాక. పదిహేనో శతాబ్దంలో అక్కడ పుట్టిన అన్నమయ్య ఎన్ని వేల శృంగార సంకీర్తనలు కట్టినాడో రాగి రేకులు చూస్తే తెలుస్తుంది. వాటిలో విరహంతో వేగిపోయేది ఎవరు? అలమేలుమంగ. ఆమె చెలులు. ఒకోసారి అలిగిన నాయిక, ఒకోసారి ఎదురుచూసి విసిగిన నాయిక. "నేను" అంటూ ఏడ్చేది ఒక ఆడమనిషి, పాట కట్టింది గడ్డమున్న బ్రాహ్మడు. ఏ రాత్రి ఏ విరహం పడి ఏ కీర్తన రాశాడు పాపం అని మనం తారీఖులు వెతకం. ఆ "నేను"ను మనం పాత్ర అంటాం. పల్లెటూరి భజన గుంపులో తాళాలు వేసే ముసలాయనకు కూడా ఈ తేడా చెప్పాల్సిన పని లేదు. మరి ఇంగ్లీషులో గిటార్ మీద పాడితే మటుకు ఆ "నేను" ఆధార్ కార్డు మీది మనిషి ఎట్లా అయ్యాడు?

ఈ జబ్బు మనకూ లేదని కాదు. సావిత్రి 1981 డిసెంబరులో ఎట్లా పోయిందో తెలుసు కాబట్టి, 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖ నవ్వును చూసి కూడా "పాపం" అంటారు జనం. మాయ శశిరేఖగా ఆమె చేసింది గుర్తు చేసుకోండి. ఘటోత్కచుడు ఆడపిల్ల వేషం వేసుకున్నాడు, ఆ వేషాన్ని సావిత్రి వేసింది. ఆడమనిషి, ఆమెలో ఒక రాక్షసుడు, ఆ రాక్షసునిలో మళ్లీ ఆడపిల్ల. ఎస్వీ రంగారావు భుజాల కదలికను తన ఒంటిలోకి తెచ్చుకొని ఆమె చేసిన ఆ విద్యను చూడకుండా, "ఆ కళ్లల్లో ఎంత దుఃఖముందో" అనడం నటికి మర్యాద ఇవ్వడమేనా?

కర్టిస్ పాటలు కట్టిన తీరు కూడా చూడాలి. అతను మాకిల్స్‌ఫీల్డ్‌లో ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో గుమాస్తా, వికలాంగులకు పని చూపించే బల్ల దగ్గర. అక్కడికి వచ్చే ఒక యువతికి మూర్ఛ జబ్బు. కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది, చనిపోయిందని తెలిసింది. మొదటి ఆల్బమ్‌లోని 'షీజ్ లాస్ట్ కంట్రోల్' అట్లా పుట్టింది. తర్వాత అతనికీ అదే జబ్బు బయటపడింది, నిజమే. అయినా పాటలో ఉన్నది ఆమె. క్లోజర్‌లో అన్నిటికన్నా శవయాత్రలాగా సాగే పాట 'ది ఎటర్నల్'. పియానో మెల్లగా దిగుతూ పోతుంది, ఆరు నిమిషాలు. ఇది అతను తన అంత్యక్రియలను తానే ఊహించుకున్న పాటని ఎన్ని చోట్ల చదివానో లెక్కలేదు. సమ్నర్ చెప్పింది వేరు: కర్టిస్ చిన్నప్పుడు ఉన్న వీధిలో డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పిల్లవాడు ఉండేవాడట, ఇంటి తోట గోడ దాటి బయటికి రానివాడు. ఏళ్ల తర్వాత కర్టిస్ పెద్దవాడై ఆ వీధిలో పోతే ఆ పిల్లవాడు అక్కడే, అట్లాగే కనిపించాడట. కాలం ఒకరి మీదుగా పోయి ఇంకొకరి దగ్గర ఆగిపోవడం, అదీ పాట. తన బాధను తలుచుకొని కుమిలేవాని కంటికి గోడ అవతలి పిల్లవాడు కనిపిస్తాడా?

మొదటి పాట 'అట్రాసిటీ ఎగ్జిబిషన్' పేరు జె.జి. బల్లార్డ్ 1970 నాటి పుస్తకానిది. పాటలో పిచ్చాసుపత్రి రోగులను టిక్కెట్టు కొని చూసే జనం ఉన్నారు, బాధను ప్రదర్శనకు పెట్టినవాడు కేకేసి పిలుస్తుంటాడు. వేదిక మీద కర్టిస్ చేతులు విసిరే నాట్యం చూసి కొందరు అది మూర్ఛ అనుకున్నారు. నిజంగా మూర్ఛ వచ్చి పడిపోతే నాట్యమనుకొని చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. ఆ జనాన్ని అతను చూశాడు, వాళ్ల మీదే ఆల్బమ్ తలుపు తెరిచాడు. ఆ తర్వాత నలభై అయిదేళ్లు అదే జనం అదే టిక్కెట్టు కొని లోపలికి వస్తూ, ఈ పాట తమ గురించని గుర్తు పట్టకుండా పోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇంకొకటి. ఉత్తరం రాసేది ఒక్కడు. ఈ ఆల్బమ్ చేసింది నలుగురు, వాళ్లతో ఒక నిర్మాత. హుక్ తన బేస్ గిటార్ పై తీగల మీద వాయించడం మొదట్లో తప్పనిసరై నేర్చుకున్నాడు. సమ్నర్ ఆంప్లిఫయర్ హోరులో తన వాయింపు తనకే వినబడేది కాదు. ఆ తప్పనిసరే బృందం గొంతైంది: బేస్ పాట పాడుతుంది, గిటార్ గోడకు గీతలు గీస్తుంది. 'అట్రాసిటీ ఎగ్జిబిషన్'లో ఇద్దరూ వాద్యాలు మార్చుకున్నారు. సమ్నర్ బేస్ పట్టుకున్నాడు, హుక్ గిటార్ పట్టుకున్నాడు. ఆ గిటార్ అంత మొరటుగా, రంపం కోసినట్టు ఉండడానికి కారణం దుఃఖం కాదు, అది పట్టుకున్నవాని చెయ్యి. మోరిస్ డ్రమ్ములు 'కాలనీ'లో తూలిపడి లేచి మళ్లీ తూలుతాయి. కావాలనే. 'ఐసొలేషన్' మాటలు అమ్మకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుంటాయి. సంగీతం మటుకు కాలు ఆడించేది, ఎలక్ట్రానిక్ డ్రమ్ము, సింథసైజర్, పరుగు. ఆ పాటను రాత్రి పూట హైవే మీద లారీలో పెడితే డ్రైవరు నిద్రపోడు. మాటల్ని మాత్రమే కాగితం మీద చదివి తీర్పు చెప్పేవాళ్లకు ఈ పరుగు వినబడదు. మూడు నిమిషాలు కూడా నిండని ఆ పాట ముందే ఈ ఉత్తరం వాదన కూలిపోవాలి.

ఆ నిర్మాత మార్టిన్ హానెట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, అతన్ని ఎప్పుడూ 'వాతావరణం తెచ్చినవాడు' అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అతను ఒక్కో డ్రమ్మును విడిగా వాయించి చూపించమనేవాడు, శబ్దానికీ శబ్దానికీ మధ్య ఖాళీ పెట్టేవాడు, డిజిటల్ డిలే యంత్రంతో ఆ ఖాళీకి లోతు తెచ్చేవాడు. మా ఊళ్లో ముగ్గురాయి గుప్పెడు ముక్క పైకెత్తితే చెయ్యి కిందికి లాగుతుంది, నీటి కన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. మిల్లుల్లో పిండి చేసిన ఆ రాయి ఎక్కువభాగం చమురు బావులకే పోతుంది. బావి తొలిచేటప్పుడు అడుగు పొరల్లోని గ్యాసు ఎగదన్ని పేలకుండా ఈ పిండి కలిపిన బురదను లోపలికి పంపి అణచిపెడతారు. హానెట్ క్లోజర్‌కు ఇచ్చిన బరువు ఆ పని చేస్తుంది. 'హార్ట్ అండ్ సోల్'లో కర్టిస్ గొంతును ఎంత లోతున పెట్టాడో వినండి. అది పైకి వచ్చి ఏడవలేదు, ఏడవనివ్వలేదు. కుండపోతగా మాట్లాడాలని ఉన్న మాటలను తాళం బిగించి పట్టుకుంది. 'ట్వంటీ ఫోర్ అవర్స్' ఎగసిపడి, ఆగి, మళ్లీ ఎగసిపడుతుంది. ఆ ఆగే చోట్లన్నీ లెక్క ప్రకారం ఉన్నవే. ఇంత అదుపు ఉన్నచోట 'మనిషి కూలిపోతున్న శబ్దం' వినబడిందంటే, విన్నవాళ్లు ఆల్బమ్‌ను కాక ఆ ఏడాది పత్రికలను విన్నారు. బృందం వాళ్లకే హానెట్ పని మీద అసంతృప్తులుండేవి. వేదిక మీద తమది గట్టి రాక్ అని, అతను దాన్ని చల్లార్చాడని హుక్, సమ్నర్ గొణిగినవాళ్లే. నాకైతే ఆ తగవులో హానెట్ వైపే న్యాయం ఉంది. అదెట్లా ఉన్నా, అంత తగవు మధ్య పుట్టిన వస్తువును ఒక్క మనిషి ఆంతరంగిక లేఖ అనడం మిగిలిన నలుగురినీ గదిలోంచి వెళ్లగొట్టడమే.

నా హక్కు వేరే ఉందన్నాను. రాయలసీమ నుంచి వచ్చిన ప్రతి రాతనూ కరువు కాగితంగా చదివే అలవాటు కోస్తా, తెలంగాణ సాహిత్య సభల్లో ఉంది, సీమలోనూ ఉంది. కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం, సింగమనేని నారాయణ, మధురాంతకం రాజారాం, ఒకరి వాక్యానికీ ఇంకొకరి వాక్యానికీ పోలిక ఉండదు. జయరాం కథ ఎంత పొదుపు, రాజారాం కథ ఎంత నిదానం. సభలో మటుకు అందరికీ కలిపి ఒకే శాలువా: "సీమ కన్నీళ్లు". సినిమావాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక కరువు స్థానంలో కత్తి పెట్టారు. ప్రొద్దుటూరులో పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' రాశాడు. తెలుగులో అంత ఒళ్లు తెలిసి గంతులేసిన లయ అరుదు. వానలు పడని నేల నుంచి అది వచ్చిందంటే, కరువు చూపు ఉన్నవాళ్లు ఏం చేయాలో తెలియక దాన్ని పక్కన పెడతారు. ఒక చోటి మనుషులు ఎట్లా బాధపడ్డారో ముందే నిర్ణయించుకుంటే, వాళ్లు ఎట్లా రాశారో చూడక్కర్లేదు. కర్టిస్‌కు జరిగిందీ ఇదే. అందుకే మాంచెస్టర్ తగవు నాకు మా ఇంటి తగవులాగే అనిపించింది.

అవతలివాళ్ల దగ్గర గట్టి మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. కర్టిస్‌కు సన్నిహితురాలైన బెల్జియం అమ్మాయి అనిక్ ఓనొరే ఆ పాటల మాటలు విని కంగారుపడింది, ఇతను నిజంగానే అంటున్నాడని టోనీ విల్సన్‌తో చెప్పింది. అదంతా కళే, భయపడొద్దన్నాడు విల్సన్. తర్వాత జీవితమంతా ఆ జవాబు గుచ్చుకుందతనికి. మిగిలిన ముగ్గురూ అంతే: మాటలు మేం సరిగా వినలేదు, ఇంకెవరి గురించో రాస్తున్నాడనుకున్నాం అని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. భార్య డెబొరా 1995లో రాసిన పుస్తకంలోనూ ఆ ప్రశ్న ఉంది. అయితే చూడండి, అనిక్ చేసింది పాట అర్థం చెప్పడం కాదు. ఒక మనిషిని దగ్గరగా చూసి, అతని తీరు చూసి, భయపడింది. ఆమె భయానికి ఆధారం అతను. పాట కాదు. అదే మాటలు ఆరోగ్యంగా ఉన్నవాడు రాసి ఉంటే ఆమె కంగారుపడేదా? బాధ పాటలోకి రాలేదని నేను అనడం లేదు, తప్పకుండా వచ్చింది. తాళ్లపాకవారి కీర్తనల్లోకి తాళ్లపాకవారి ఒళ్లూ వచ్చే ఉంటుంది. వచ్చిన బాధతో ఏం కట్టారన్నదే ఆల్బమ్. ఆ కట్టడాన్ని వదిలేసి ఇటుకలకు మట్టి ఎక్కడిదని వెతుకుతున్నారు వీళ్లు. (బృందంవాళ్ల పశ్చాత్తాపం మీద నాకు గౌరవముంది. దాన్ని విమర్శ సూత్రంగా మార్చుకున్న పత్రికలవాళ్ల మీద లేదు.)

ఇక ఈ ఉత్తరం కథ చేసే హాని. 1979 జనవరిలో కర్టిస్‌కు మూర్ఛ అని తేల్చారు. ఆనాటి మందుల్లో కొన్ని మనసును కుంగదీసేవి. మూర్ఛ ఉన్నవానికి నిద్ర చెడకూడదు, మెరిసే దీపాలు పడవు. ఇతని పని రాత్రుళ్లు, దీపాల కింద. స్టూడియో నుంచి బయటపడ్డ వారంలోపే, ఏప్రిల్ 4న, లండన్‌లో ఒకే రాత్రి రెండు చోట్ల వాయించారు. ఆ తర్వాత రెండు మూడు రోజులకే మొదటి ప్రయత్నం. ఏప్రిల్ 8న, ఆసుపత్రి నుంచి వచ్చినవాణ్ని బరీ పట్టణంలో వేదిక ఎక్కించారు. అతను ఒకటి రెండు పాటలు పాడగలిగాడు, మిగతావాటికి వేరేవాళ్లు నిలబడ్డారు, జనం సీసాలు విసిరి కొట్లాటకు దిగారు. మే 19న అమెరికా ప్రయాణం సిద్ధంగా ఉంది. అతను పోయింది దాని ముందు రోజు. ఇవన్నీ వరసగా పెడితే కనిపించేది వైద్యం చాలని జబ్బు, విశ్రాంతి ఇవ్వని పని, ఏం చేయాలో తెలియని ఇరవై ఏళ్ల స్నేహితులు. ఆపగలిగిన సంగతులు. "అంతా పాటల్లో ముందే రాసి ఉంది" అంటే ఇవన్నీ పక్కకు పోతాయి. చావు అతని కళకు తగిన ముగింపైపోతుంది. మేనేజరు రాబ్ గ్రెటన్ కచేరీల జాబితా ఎవరూ తిరగేయనక్కర్లేదు. మందుల చీటీ ఎవరూ అడగనక్కర్లేదు. 2007లో కర్టిస్ జీవితం మీద వచ్చిన 'కంట్రోల్' సినిమా చూసి బయటికొచ్చిన కుర్రాళ్లలో కొందరికి, చావు లేకపోతే ఆ ఆల్బమ్ అంత గొప్పది కాదేమో అన్న ఊహ కూడా కలిగిందని విన్నాను. ఒక ఇరవై మూడేళ్ల జబ్బు మనిషి చావును ప్లేటు అమ్ముకునే ముద్రగా మార్చిన పాపం ఈ విమర్శదే. అటువంటి ఆలోచనలతో సతమతమయ్యే పిల్లలు ఈ పాటలు వినే జనంలో ఇవాళ్టికీ ఉంటారు. వాళ్లకు "చూడు, ఎంత అందంగా పోయాడో" అని చెప్పే కథ ఇది.

అతని చావు లేకుండా ఈ ఆల్బమ్ నిలవదనేవాళ్లు ఆ తర్వాత జరిగింది వినాలి. మిగిలిన ముగ్గురు న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకున్నారు. 'ఐసొలేషన్'లో మొదలైన యంత్రపు తాళాన్ని వాళ్లు పట్టుకొని పోయి 1983లో 'బ్లూ మండే' దగ్గర తేలారు. ప్రపంచమంతా డాన్సు హాళ్లలో మోగిన పాట, పన్నెండు అంగుళాల సింగిల్స్‌లో అంతగా అమ్ముడైనది ఇంకొకటి లేదంటారు. క్లోజర్ రెండో వైపు చివర 'డికేడ్స్'లో సింథసైజర్ ఎట్లా విచ్చుకుంటుందో విన్నవానికి ఆ దారి ముందే కనిపిస్తుంది. 1980లో ఎన్ఎంఈ పత్రిక ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా క్లోజర్‌ను ఎంచింది. అప్పటికే ఉత్తరం కథ మొదలైపోయింది కాబట్టి, ఆ ఎంపికలో పాటల భాగమెంతో, వార్తల భాగమెంతో విడదీయలేం. ఇన్నేళ్ల తర్వాత మనం విడదీయొచ్చు.

పంచనామా రాసేవాళ్లు ఒక్క కచేరీ గురించి మాట్లాడరు. 1980 మే 2, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం. జాయ్ డివిజన్ చివరిసారి వాయించిన రాత్రి అది. టేపు ఉంది, 1981లో 'స్టిల్' ఆల్బమ్‌లో విడుదల చేశారు. ఆ రాత్రి వాళ్లు ఒక కొత్త పాట పాడారు, 'సెరిమొనీ'. క్లోజర్‌లో లేని పాట, క్లోజర్ అయ్యాక కట్టుకున్న పాట, మాటలు కర్టిస్‌వి. తర్వాత న్యూ ఆర్డర్ మొదటి సింగిల్ అదే అయింది. ఆఖరి ఉత్తరం మార్చి 30న రాసి ముగించినవాడు, మే మొదట్లో కొత్త పాట వరస కుదర్చడానికి ఎందుకు కష్టపడ్డాడో, ఎవరి కోసం కుదిర్చాడో వాళ్లు చెప్పాలి.